బజారు కింద నడిచిన బండి

రిమోటుతో నడిచే లారీ బండికి నేను కొంతకాలం మెకానిక్‌గా ఉన్నానంటే మా ఇంట్లో పిల్లలు నమ్మరు. సర్కారు ఉద్యోగంలో బొమ్మలు బాగుచేశావా తాతా అని పడీపడీ నవ్వుతారు. ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఉద్యోగులు కొందరు కలిసినప్పుడు, మీ రోజుల్లో పైపుల్లోకి మనుషులే దూరేవాళ్లట కదా సార్, నిజమేనా అని అడిగారు. నిజమే అన్నాను. మరి ఎప్పుడు మానేశారు అన్నారు. దానికి జవాబు చెప్పాలంటే ఆ బండి సంగతే చెప్పాలి. నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

నాది రాజంపేట వైపు. నీటి సరఫరా విభాగంలో చేరకముందు ఒక లారీ షెడ్డులో పనిచేశాను. లారీ కింద వెల్లకిలా పడుకుని, గేరుబాక్సు నుంచి వెనక చక్రాల దాకా పోయే పొడవాటి షాఫ్టును విప్పడం, దాని కొసల్లో అరిగిపోయిన జాయింట్లు మార్చడం నా పని. ఇంజను ఎంత గట్టిదైనా ఆ షాఫ్టు ఊడితే లారీ ఉన్నచోటే నిలబడిపోతుంది. ఇంజను అరుస్తూనే ఉంటుంది, చక్రం మాత్రం కదలదు. తర్వాత పంపు మెకానిక్‌గా ఉద్యోగం వచ్చింది. రాయచోటిలో కొన్నేళ్లు చేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వానలు వరసగా ముఖం చాటేసిన కాలంలో, కోడుమూరు దాటి పోతే వచ్చే ఒక చిన్న ఊరికి బదిలీ చేశారు. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు దాంతో పనిలేదు.

ఆ ఊరి మాటలు నాకు మొదట్లో విచిత్రంగా ఉండేవి. మా వైపు వాళ్లూ శానా అనేవాళ్లే, యాడ అనేవాళ్లే. కానీ ఇక్కడ డబ్బుల్ని దుడ్లు అనేవాళ్లు, సగం మాటలు కన్నడంలోంచి వచ్చేవి. నాకు ఆ ఊరిని, ఆ మాటను అలవాటు చేసినాయన మా ఆఫీసులోనే పనిచేసే ఒక హెల్పరు. నాకంటే కొంచెం పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి, ఇప్పుడూ అలాగే రాస్తాను. బక్కపలచని మనిషి. ఊరి చివర చర్చి దగ్గర ఇల్లు, పక్కనే రవ్వంత మెట్టచేను. ఆదివారం ఏ పని చెప్పినా ప్రార్థన ముగిశాకే వచ్చేవాడు, వచ్చాక చీకటి పడేదాకా చేసేవాడు. ఆయన సన్నగా ఉండటమే ఆయనకు చేటయింది. పైపులో ఎక్కడ ఏది అడ్డుపడినా అందరి చూపూ ఆయన మీదికే పోయేది.

మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఒక మనిషి పొట్ట మీద పాకితే పట్టేంత సిమెంటు పైపులు అప్పట్లో చాలా ఊళ్లలో ఉండేవి. వాటిల్లో ఇసుక పేరుకుంటే తీయడానికి ఒక పద్ధతి ఉంది. ఈ చివర గుంత నుంచి ఆ చివర గుంతకు ఇనుప తాడు లాగి, దానికి బొక్కెన లాంటి తొట్టి కట్టి, రెండువైపులా మరతో అటూ ఇటూ గుంజుతారు. ఇసుక దానంతట అదే బయటికి వస్తుంది. కష్టమంతా మొదటి తాడు పోనివ్వడంలోనే ఉంది. ఆ తాడును నడుముకు కట్టుకుని ఒక మనిషి పాక్కుంటూ పోవాలి. అన్న అలా ఎన్నిసార్లు పోయాడో ఆయనకే లెక్కలేదు.

నేను వచ్చిన మొదటి ఏడాదే ఊరి బయట ఒక పైపులో ఆయన సగం దారిలో స్పృహ తప్పాడు. లోపల గాలి చెడిపోయి ఉంది. తాడు చివర నా చేతిలోనే ఉంది. పిలిస్తే పలకలేదు. మేమంతా కలిసి గుంజాం. ఆయన కాళ్లు ముందు బయటికి వచ్చాయి, తర్వాత గీరుకుపోయిన వీపు, ఆ తర్వాత మట్టి నిండిన నోరు. అప్పటికి ఎవరు కబురు పెట్టారో ఆయన భార్య చేలోంచి పరుగెత్తుకొచ్చింది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచాడు. ఆమె ఏడవలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. ఆయన మొహం తన కొంగుతో తుడిచి, నావైపు చూసి, అడిగింది ఒకటే మాట.

"తాడు నువ్వు పట్టుకోని ఉండావా?"

అవును వదినా అన్నాను. తల ఊపింది. అది మెచ్చుకోవడమో తప్పుపట్టడమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాతి వేసవిలో ఊరికి నీళ్లు తగ్గిపోయాయి. చెరువు దగ్గరి మట్టం చూస్తే నీళ్లు ఉన్నాయి. పంపు దగ్గరికి మాత్రం వేలెడు ధార కూడా రావడంలేదు. చెరువుకూ పంపుకూ మధ్య పైపు ఊరి బజారు కింద నుంచి పోతుంది. పైపు వేసిన రోజుల్లో అక్కడ ఖాళీ జాగా. తర్వాత అంగళ్లు, వాటి వెనక ఇళ్లు లేచాయి. మధ్యలో ఉండాల్సిన గుంత ఎవరి గోడ కిందో పడి కప్పబడిపోయింది. అందువల్ల ఈ చివర గుంతకూ ఆ చివర గుంతకూ మధ్య మామూలు కంటే చాలా దూరం వచ్చింది. బజారును తవ్వి పైపు తీద్దామంటే ఊరు ఒప్పుకోదు. ట్యాంకర్ల దగ్గర బిందెల కొట్లాటలు మొదలయ్యాయి. మా పై అధికారి జీపులో వచ్చి, రెండు గుంతలూ చూసి, మనిషిని పంపించండి అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇక్కడ మా ఇంజనీరు మేడం గురించి చెప్పాలి. చిన్న వయసు, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. ఆమె వచ్చిన కొత్తల్లో, ఎండకు ఆగలేక బదిలీ చేయించుకుంటుందిలే అని మేమే అనుకున్నాం. ఆమె పై అధికారికి ఎదురు మాట్లాడలేదు. సరే సార్ అంది. జీపు వెళ్లిపోయాక నన్నూ అన్ననూ కూర్చోబెట్టి, ఆ పైపులో గాలి ఎలా ఉంటుందని అడిగింది. అన్న నిజం చెప్పాడు. ఇంత పొడుగు పైపులో తానెప్పుడూ పోలేదని, మధ్యలో ఊపిరి ఆడకపోతే వెనక్కి తిరగడానికి కూడా చోటుండదని చెప్పాడు. అయినా ఊరికి నీళ్లు కావాలి కదా, పోతానన్నాడు.

"నువ్వు పోవద్దు. వేరేది ఏదైనా పోతుందేమో చూద్దాం, నాకు వారం టైమివ్వు" అంది మేడం.

ఆ ఆదివారం ఆమె తన ఊరికి వెళ్లి ఒక అట్టపెట్టెతో తిరిగొచ్చింది. పెట్టెలో మూరెడు పొడవున్న లారీ బండి. లావాటి రబ్బరు చక్రాలు, పైన పొడవాటి తీగ. వాళ్ల తమ్ముడు బెంగళూరులో చదివే రోజుల్లో స్నేహితులతో కలిసి పందాలు ఆడుకున్న బండి అట. అటక మీద పడి ఉంటే దుమ్ము దులిపి తెచ్చింది. చేతిలో పట్టుకునే డబ్బాకు కూడా ఒక తీగ ఉంది. దాని మీది పుల్లను ముందుకు తోస్తే బండి ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి. దీని వెనక సన్నటి నైలాను దారం కట్టి పైపులోకి తోలుదాం, ఆ చివరకు చేరితే దారానికి తాడు, తాడుకు ఇనుప తాడు కట్టి లాగొచ్చు అని మేడం చెప్పింది. ఆఫీసులో కొందరు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అబద్ధం చెప్పను. కానీ బండిని తిరగేసి చూశాక నవ్వు ఆగిపోయింది. నడిమధ్యలో గేరుబాక్సు. అక్కడి నుంచి ముందు చక్రాలకు ఒక షాఫ్టు, వెనక చక్రాలకు ఒక షాఫ్టు. నేను లారీ షెడ్డులో భుజాన మోసినవే, ఇక్కడ అగ్గిపుల్లకంటే కొంచెం పెద్దగా ఉన్నాయి.

షాఫ్టు కొసలు ఎముక కణుపుల్లా గుండ్రంగా ఉండి, వాటిలో అడ్డంగా ఒక సూది ఉంటుంది. ఆ కొస ఒక చిన్న కప్పులో కూర్చుంటుంది. కప్పుకు రెండు పక్కలా గాడి. సూది ఆ గాడిలో ఇరుక్కుని కప్పును తిప్పుతుంది. అంతే. చక్రం గతుకులో పడి కిందికీ పైకీ ఊగినా షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. కప్పును బిగించేది తలలేని ఒక చిన్న స్క్రూ. అది వదులైతే కప్పు జారుతుంది, షాఫ్టు ఊడిపోతుంది.

పంపుహౌసు వెనక పాత పైపులు వరసగా పేర్చి, వాటిలో ఇసుక పోసి, బండిని తోలి చూశాం. నడిపే పని మొదట మేడం చేసింది, తర్వాత నేను చేశాను. ఇద్దరి చేతుల్లోనూ బండి ఇసుకలో కూరుకుపోయింది. అన్న పక్కన నిలబడి చూస్తూ చూస్తూ, ఆడ బలంగా పోనీయకూడదు, ఇసుక మీద మెల్లిగా ఎక్కల్ల అన్నాడు. మేడం డబ్బా ఆయన చేతిలో పెట్టింది. ఆయన వద్దన్నాడు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చివరికి తీసుకున్నాడు. పైపు లోపల మలుపు ఎక్కడొస్తుందో, అతుకు దగ్గర ఇసుక ఎలా గుట్టపడుతుందో ఆయన మోచేతులకు తెలుసు. బండి ఆయన మాట విన్నట్టు పోయింది.

కానీ షాఫ్టులు నిలవలేదు. నేను లారీకి పెట్టినట్టు కప్పుల నిండా గ్రీజు కూరాను. ఒక పూట నడిచేసరికి గ్రీజు ఇసుకను పట్టుకుని సానరాయిలా తయారై సూదుల్ని సగానికి అరగదీసింది. అంతా విప్పి కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, ఈసారి గ్రీజు జోలికి పోకుండా పెన్సిలు ముల్లును పొడి చేసి చల్లాను. ఇసుక అంటుకోలేదు. అరిగిపోయిన సూదుల స్థానంలో సైకిలు చక్రం పుల్లను కోసి, ఆకురాయితో రుద్ది దూర్చాను. సైకిలు ట్యూబు ముక్కల్ని తొడుగుల్లా వేసి కప్పుల మూతులు కట్టాను. స్క్రూ ఒకటి మాత్రం అదురుకు వదులవుతూనే ఉంది. దాన్ని ఎంత బిగించినా అదే వరస. మేడం తన చేతి సంచీలోంచి గోళ్లరంగు సీసా తీసి ఇచ్చింది. వాళ్ల తమ్ముడు అదే పూసేవాడట. స్క్రూ మరల మీద ఆ రంగు పూసి బిగించి ఆరనిచ్చాను. మళ్లీ కదల్లేదు. ఎర్ర రంగు. ప్రతి పరుగు తర్వాత విప్పి, బ్రష్షుతో దులిపి, సూదుల్ని గోటితో తడిమి చూసి, మళ్లీ రంగు పూసేవాణ్ణి. నన్ను చూసి ఆఫీసులో వాళ్లు పెళ్లికూతుర్ని చేస్తున్నావా అని ఏడిపించారు. వాళ్లే మధ్యాహ్నం వచ్చి, ఏమప్పా, ఈ పొద్దు యాడిదాకా పోయింది అని అడిగేవాళ్లు.

ఇంకో చిక్కు ఉంది. పైపు నోటి దగ్గర నిలబడి డబ్బా నొక్కితే కొంతదూరం వరకే బండికి సిగ్నలు అందుతుంది. ఆ తర్వాత బండి పైపులో ఎక్కడుందో సరిగ్గా దాని నెత్తిన, నేల మీద నిలబడి నొక్కాలి. అంటే లోపల బండి పోతుంటే పైన మనిషి కూడా దాంతోపాటు నడవాలి. ఎండిన నేల కాబట్టి ఆ మాత్రమైనా పనిచేసింది. ఎంత దారం లోపలికి పోయిందో చూసుకుని బండి ఎక్కడుందో మేడం చెబుతుంది, అన్న అక్కడ నిలబడతాడు.

అసలు రోజు వచ్చింది. చెరువు దగ్గర తూము ముందే మూయించి పైపును ఆరనిచ్చాం. పై అధికారి పొద్దున్నే జీపులో దిగాడు. బండిని చూసి నవ్వలేదు కానీ చేతి గడియారం చూసుకున్నాడు. ఇది ఆగిపోతే ఇంక కాలయాపన చేయొద్దు, మధ్యాహ్నానికల్లా మనిషి లోపల ఉండాలి అన్నాడు. మేడం మొహం ఎర్రబడింది. ఆమె ఏదో అనబోతుంటే అన్నే ముందు మాట్లాడాడు. ఆగిపోతే నేనే దిగుతాను సార్, ఆ దారం పట్టుకోనే పోతాను అన్నాడు. మేడంకూ అధికారికీ మధ్య గొడవ రాకూడదని ఆయన అలా అన్నాడు. వదిన అప్పటికే వచ్చి గుంత పక్కన కూర్చుని ఉంది. సద్ది గిన్నె ఒళ్లో పెట్టుకుని, మూత మీద చెయ్యి ఉంచి, గుంతలోకే చూస్తోంది. బండిని నడిపేవాడూ ఆయనే, అది ఆగితే లోపలికి పోవాల్సినవాడూ ఆయనే. ఆ పొద్దు ఆయన డబ్బా పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నిండు బిందె ఎత్తుకున్నవాడిలా నడిచాడు.

బజారంతా పనులు ఆపేసి నిలబడింది. అన్న తీగ పైకెత్తిన డబ్బాతో వీధి మధ్యలో అడుగులో అడుగు వేస్తున్నాడు. వెనక మేడం, పక్కన నేను. బండి బాగానే పోతోంది. వీధి దాటి, అంగళ్ల వరస దాకా వచ్చాం. అక్కడ పైపు వీధిని వదిలి ఒక శెట్టిగారి కిరాణా అంగడి కిందికి తిరుగుతుంది. అన్న అంగడి మెట్ల ముందు ఆగాడు. డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక గుంత దగ్గర దారం వదిలేవాళ్లు, కదలడంలేదు అని కేకేశారు. బండి లోపలెక్కడో ఆగిపోయింది. వీధిలోంచి నొక్కితే దానికి అందడంలేదు. దారం లెక్కన అది అంగడి దాటి, వెనకున్న ఇంటి నడిమి గది కింద ఉండాలి అంది మేడం. ఆ గది వాళ్ల దేవుడి గది పక్కనే ఉన్న వంటిల్లు.

అన్న అడుగు ముందుకు వేయలేదు. ఆయన ఎందుకు ఆగాడో అక్కడున్న అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆయన పుట్టినప్పటి నుంచీ ఆ అంగడిలో సరుకు కొన్నాడు, మెట్ల కింద నిలబడి కొన్నాడు. డబ్బా నావైపు చాపి, నువ్వు పోప్పా, లోపల నువ్వు నడుపు అన్నాడు మెల్లగా. నా చేతికి ఆ నేర్పు లేదని ఆయనకూ తెలుసు. శెట్టిగారు గల్లా దగ్గర లేచి నిలబడ్డాడు. మంచివాడే, కానీ లోపలికి రమ్మనలేకపోయాడు. మనిషి మనిషివైపూ చూశాడు. బ్యాటరీ అయిపోతుందని మేడం కంగారు పడుతోంది.

అప్పుడు లోపలి గడపలో శెట్టిగారి తల్లి కనిపించింది. బాగా ముసలామె, గోడ పట్టుకుని నిలబడింది. ఏమి గలాటా అని కొడుకును అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె అన్నవైపు తిరిగింది.

"ఈడ నిలబడుకుంటే నీళ్లు యాడ వస్తాయి నాయనా? లోపలికి రా."

"చెప్పులు ఇడిసి వస్తానవ్వా" అన్నాడు అన్న.

"ఇడిస్తే ఇడువు, లేకుంటే లే. ముందు రా."

ఆయన చెప్పులు వదిలి మెట్లెక్కాడు. ఆ వెనకే మేమూ. సరుకు మూటల మధ్య నుంచి, నడవలోంచి వంటింట్లోకి పోయాం. ఆమె పొయ్యి మీది గిన్నె దించి, పీట పక్కకు జరిపి చోటిచ్చింది. అన్న ఆ గది నడుమ నిలబడి పుల్లను కొంచెం ముందుకు తోశాడు.

నేను బండల మీద బోర్లా పడుకుని చెవి ఆనించాను. ఊపిరి బిగబట్టి వినాల్సి వచ్చింది. కింద ఎక్కడో, తేనెటీగ గోడలో ఇరుక్కున్నట్టు, మోటారు చప్పుడు. అందుతోంది. కానీ ఆ చప్పుడుతోపాటు టక్కు టక్కు అని ఇంకో చప్పుడు. లారీ షెడ్డులో ఆ చప్పుడు ఎన్నోసార్లు విన్నాను. షాఫ్టు ఒకటి కప్పులోంచి జారి, గాడి అంచుకు కొట్టుకుంటోంది. ముందుదో వెనకదో చెప్పలేను. ఒకటి ఊడినా రెండోది ఉంటే బండి రెండు చక్రాల మీదే ఈడ్చుకుంటూ పోతుంది. కానీ ఒక్కసారిగా బలం ఇస్తే ఆ రెండోది కూడా ఊడుతుంది. అప్పుడిక లోపలికి పోవాల్సింది మనిషే.

లేచి ఆ సంగతి చెప్పాను. అన్న పెదవులు తడుపుకున్నాడు. ముందు వెనక్కి లాగమన్నాను, ఒక జానెడు. లాగాడు. చెవి మళ్లీ ఆనించాను. టక్కు టక్కు కొంచెం తగ్గింది. ఇప్పుడు ముందుకు, కానీ నిద్రపోయే పసిబిడ్డ ఉయ్యాల ఊపినంత మెల్లగా అన్నాను. ఆయన బొటనవేలు కదిలిందో లేదో కూడా కనబడలేదు. చప్పుడు నా చెవి కింద నుంచి గోడవైపు జరిగింది.

"పోతాండాది" అన్నాను.

ఒక్కో బండా దాటుతూ చప్పుడు వెంట నేను మోకాళ్ల మీద పాకాను, అన్న నా పక్కన నడిచాడు. వంటింట్లోంచి సామాను గదిలోకి, అక్కడి నుంచి పెరటి వాకిట్లోకి. ఎన్నోసార్లు నేను పైన నిలబడితే ఆయన కింద పాకాడు. ఆ పొద్దు ఆయన నిలబడి నడుస్తుంటే నేను పాకాను. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తోచలేదు, చాలా రోజుల తర్వాత తోచింది. పెరడు మట్టినేల కావడంతో అక్కడ నా చెవికి ఏమీ వినిపించలేదు. ఇక చేసేదిలేక మేడం దారం సంగతి అడగడానికి వెనక గుంతవైపు పరుగెత్తింది. దారం కదులుతోందని వీధిలో ఒకరి నుంచి ఒకరికి మాట అందుకుంటూ పెరటి దాకా వచ్చింది. బజారులో అంగళ్లవాళ్లు, ట్యాంకరు దగ్గర కొట్లాడుకున్న ఆడవాళ్లు, అందరూ ఆ మాట అందించారు. కదులుతోంది. కదులుతోంది. ఆగింది. మళ్లీ కదులుతోంది.

పెరటి గోడ అవతలే రెండో గుంత. గోడ దాటి గుంత అంచున మోకరించి చూశాం. పైపు నోట్లో చీకటి తప్ప ఏమీ లేదు. అన్న పుల్లను అలాగే పట్టుకుని ఉన్నాడు. ఆయన చెవి పక్క నుంచి చెమట కారి డబ్బా మీద పడుతోంది. నేను తుడిచాను. ముందు చప్పుడు వినిపించింది, ఆ తర్వాత ఇసుక రాలింది, ఆ తర్వాత బండి ముక్కు బయటికొచ్చింది. ముందు చక్రాలు తిరగడంలేదు. వెనక చక్రాలే తోసుకొచ్చాయి. దారం చెక్కుచెదరకుండా ఉంది.

అన్న డబ్బాను నా చేతిలో పెట్టి, గుంత గట్టున కూర్చుని తల వంచుకున్నాడు. ప్రార్థన చేస్తున్నాడనుకుని ఎవరమూ కదిలించలేదు. వదిన వీధంతా చుట్టి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. సద్ది గిన్నె మూత తీసి, తినమంది. అందరి ముందూ అక్కడే తిన్నాడు. అవ్వ గోడ అవతల నుంచి చెంబుతో మజ్జిగ పంపింది. ఆమె కోడలు తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది. పై అధికారి గుంత దగ్గరికి వచ్చి బండిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగుందమ్మా అని మేడంతో అని, అన్న భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన మీద నాకున్న కోపం ఆ చెయ్యి చూశాక తగ్గింది. ఆయన మీదా ఊరు పెట్టే ఒత్తిడి ఉండిందని ఇప్పుడు అర్థమవుతోంది.

బండి విప్పి చూస్తే ముందు షాఫ్టు సూది విరిగి ఉంది, తొడుగు ట్యూబులోనే ముక్క చిక్కుకుంది. వెనక కప్పు స్క్రూ మీద గోళ్లరంగు పగలలేదు. అది వదులై ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం ఇష్టంలేక కడిగి పక్కన పెట్టాను. దారానికి తాడు, తాడుకు ఇనుప తాడు కట్టి లాగాం. తొట్టితో ఇసుక, వేళ్లు, ఎవరిదో విరిగిన దువ్వెన, చెప్పుముక్కలు వచ్చాయి. కొన్ని రోజులకు పంపు దగ్గర నీళ్లు నిండుగా పడటం మొదలైంది. మొదటి రోజు కుళాయిలో మురికి నీళ్లు వస్తే కూడా జనం పట్టుకున్నారు.

మేడం ఆ తర్వాత పైకి ఒక విన్నపం పెట్టి, పైపుల్లోకి మనుషుల్ని దించే పని మా ఆఫీసులో మాన్పించింది. బండి అరిగిపోయేదాకా మేము దాన్నే పంపాం. చుట్టుపక్కల ఊళ్లకూ తీసుకుపోయాం. ప్రతి ఊళ్లోనూ నేను షాఫ్టులు చూసుకున్నాను, అన్న నడిపాడు. తర్వాత మంచి యంత్రాలు వచ్చాయి. మీరిప్పుడు వాడేవి వాటికంటే మంచివి. వాటికి నా పెన్సిలు పొడి అక్కర్లేదు.

ఉద్యోగంలో నాకు రావాల్సినవి కొన్ని రాలేదు, రాకూడనివి కొన్ని వచ్చాయి. అవి తలుచుకుని ఏడ్చే వయసు దాటాను. ఇప్పుడు తలుచుకునేది ఆ మేడంను, తమ్ముడి ఆటబండి తెచ్చి మా నవ్వులు భరించినందుకు. ఆ అవ్వను, ఒక్క మాటతో గడప దాటించినందుకు. నాకు జాయింటు చప్పుడు నేర్పిన లారీ షెడ్డు మేస్త్రీని. వీళ్లెవరికీ నేను అప్పట్లో కృతజ్ఞత చెప్పలేదు. మా వైపు అలా చెప్పే అలవాటు లేదు. కొత్తవాళ్లు మీరైనా చెప్పండి, చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఉండగానే.

పదవీ విరమణ అయ్యాక అన్న కూతురి పెళ్లికి వెళ్లాను. చర్చిలో పెళ్లయ్యాక వాకిట్లో పందిరి వేసి భోజనాలు పెట్టారు. వదిన నన్ను గుర్తుపట్టి, దగ్గరుండి కూర్చోబెట్టింది. బాగున్నావా వదినా, అన్న ఎట్లుండాడు అని అడిగాను. ఆమె వడ్డన వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

"ఏం చెప్పేదప్పా. ఇంటి ముందర నీళ్ల తొట్టి నిండా పాచి పట్టిండాది, దిగి కడుగు అంటే, పోయి ఆ బండిని పిల్చుకోని రా పో అంటాడు."

అన్న అన్నం గంపతో మా వరసకు వచ్చాడు. నేను చాలన్నా వినకుండా నా ఆకులో పెట్టి, ఆ నీళ్ల తొట్టి సంగతి నిజమేనప్పా, నేనింక దేంట్లోకీ దిగను అన్నాడు.